వంతెన దగ్గర ఏం రంగు?

నా గొంతు పెద్దది. ఇది గొప్పకు చెప్పుకోవడం లేదు, మా అమ్మ విసుగుతో అన్న మాట. "నువ్వు గుసగుసలాడితే పక్కవీధివాళ్ళు జవాబు చెబుతారే" అనేది. ఆ గొంతు వల్ల నాకు దక్కిన గౌరవం ఒక్కటే, మా స్కూలు బస్సులో డ్రైవరు పక్కనుండే ముందు సీటు. రెండో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా అది నా సీటు. ఆ సీటు నాకిచ్చిన మనిషి గురించి ఇప్పుడు రాస్తున్నాను. రాయడానికి ఇరవై రెండేళ్ళు పట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది, నాకు తెలుసు. అయినా రాస్తాను.

ఆయన్ని పిల్లలందరం బాబాయ్ అనేవాళ్ళం. పొట్టి మనిషి. సీటు మీద రెండు గోనెసంచులు మడతపెట్టి వేసుకుంటే తప్ప అద్దంలోంచి రోడ్డు కనబడేది కాదు. బస్సు కదిలే ముందు ఇంజను మీద అరచెయ్యి ఆనించి, తల పక్కకు వంచి, ఒక నిమిషం వినేవాడు. "ఇవాళ దీనికి గొంతు బాగాలేదు, మెల్లగా పోదాం" అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. సాయంత్రానికి ఆ ఇంజను నిజంగానే మొరాయించేది. వేరే డ్రైవర్లు కూడా ఆయన దగ్గరికి వచ్చి, "అన్నా, ఒక్కసారి మా బండి కూడా విని చెప్పవా" అని అడిగేవారు. బస్సుల కంపెనీ షెడ్డులో జీతమిచ్చి పెట్టుకున్న మెకానిక్కు ఉన్నాడు కానీ, అతను విప్పి చూసి చెప్పేది బాబాయ్ మూసి ఉండగానే చెప్పేవాడు.

పొద్దున ఏడూ ముప్పావుకు బస్సు వంతెన మొదటికి చేరేది. ఊళ్ళో మిగతా చోట్ల సిగ్నలు దీపాలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వంతెన దగ్గర మాత్రం పక్కపక్కనే వరుసగా బిగించారు. ఎందుకలా బిగించారో ఆ బిగించినవాడికే తెలియాలి. పైగా ఆ వేళకు ఎండ సూటిగా వాటి మొహాన కొట్టేది, మూడు అద్దాలూ ఒక్కసారే వెలిగినట్టు మెరిసేవి. అక్కడికి రాగానే బాబాయ్ బ్రేకు మీద కాలు పెట్టి అడిగేవాడు.

"మైకూ, ఏం రంగు?"

మైకు అంటే నేనే. పేరు పెట్టింది ఆయనే.

"ఎరుపు బాబాయ్!"

"ఇప్పుడో?"

"ఇంకా ఎరుపే!"

"ఇప్పుడో?"

"పచ్చ బాబాయ్! పోనీ!"

వెంటనే బస్సంతా "పోనీ!" అని అరిచేది. మా పొద్దు ఆ అరుపుతోనే మొదలయ్యేది. నాకు జ్వరమొచ్చి రాని రోజున ఆయన మెట్ల మీద నిలబడి, "ఇవాళ గట్టిగా అరవగలిగేదెవర్రా?" అని అడిగి, నలుగురి చేత అరిపించి చూసి, ఒకరిని ముందు సీట్లో కూర్చోబెట్టేవాడట. అది మాకు ఆట. ఆయనకు ఆట కాదని ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. తోచి ఉండాల్సింది. ఒక కాలికి గోధుమరంగు మేజోడు, ఇంకో కాలికి ఆకుపచ్చ మేజోడు వేసుకొచ్చే మనిషిని రోజూ పక్కన కూర్చుని చూశాను. నవ్వాను కూడా.

ఆయన తన కథ ఒకేసారి చెప్పలేదు. టైరు మార్చేటప్పుడు ఒక ముక్క, రైలు గేటు దగ్గర ఆగినప్పుడు ఒక ముక్క. ఆయన పుట్టింది నూలుకు రంగులు వేసే ఇంట్లో. వాళ్ళ నాన్న, పెదనాన్న, అన్నలు అందరి చేతులూ మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవట. పదకొండేళ్ళప్పుడు ఈయనకు మొదటిసారి రంగు తొట్టి అప్పగించారు. ఒక పెళ్ళివారి బట్టల కోసం నూలు, అంతా ఎర్రగా రావాలి. ఈయన సగం చిలపలు, అంటే నూలు కట్టలు, పక్కనున్న ఆకుపచ్చ తొట్టిలో ముంచాడు. మొత్తం ఆరబెట్టి, పని బాగా కుదిరిందనుకుని, నాన్నను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించాడట.

"ఏమన్నారు బాబాయ్?"

"అనలేదు. కొట్టారు. కళ్ళు నెత్తిమీద పెట్టుకున్నావా అని ఒకటి, ఎగతాళి చేస్తున్నావా అని ఇంకోటి. నేను ఏడుస్తూనే ఉన్నా, ఎందుకు కొడుతున్నారో అర్థం కాక."

ఆ కథ చెప్పేటప్పుడు ఆయన నవ్వేవాడు కాబట్టి నేనూ నవ్వేదాన్ని. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆయన్ని తొట్టి దగ్గరికి రానివ్వలేదు. పదమూడేళ్ళకు లారీ షెడ్డులో బళ్ళు కడిగే పనికి చేరాడు. అక్కడ రంగుతో పనిలేదు, చప్పుడుతోనే పని. చెవి ఉన్నవాడికి అది స్వర్గం. ఇరవై ఏళ్ళకు స్టీరింగు పట్టాడు. లైసెన్సు ఇచ్చేటప్పుడు గోడమీద అక్షరాలు చదవమన్నారు, చదివాడు, అంతే. మా బస్సుకు వచ్చేనాటికి ఆయన లారీలు నడిపి పదిహేనేళ్ళు. ఒక్క గీత పడలేదు. ఈ మాట ఆయన చెప్పుకున్నది కాదు, బస్సుల కంపెనీ ఆఫీసులో గోడకు రాసిపెట్టి ఉండేది. భార్య చనిపోయింది, ఒక్కతే కూతురు, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది, అమ్మమ్మ దగ్గర పెరిగేది. మేజోళ్ళు జతకలిపి పెట్టేవాళ్ళు ఇంట్లో లేకపోయారన్నది ఇప్పుడు రాస్తుంటే తడుతోంది.

నేను తొమ్మిదో తరగతికి వచ్చిన ఏడాది మాకు కొత్త సైన్సు మాస్టారు వచ్చారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు కదా, మా మాస్టారికి గంట కొట్టిందీ తెలిసేది కాదు, తిండివేళ అయిందీ తెలిసేది కాదు. మంచి మనిషి. ఆ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత ఆయన మీదకు నెట్టేస్తానేమోనని నాకే అనుమానం. సైన్సు అంటే పుస్తకంలో బొమ్మలు గీయడం కాదని, దానివల్ల మనుషులకు ఏమవుతుందో మనమే ఆలోచించాలని అనేవారు. ప్రతి శనివారం చివరి గంటను "నిర్ణయాల గంట" చేశారు. ఒక సమస్య తీసుకోవాలి. బోర్డు మీద రెండు గళ్ళు గీయాలి. ఒక గడిలో లాభపడేవాళ్ళు, ఇంకో గడిలో నష్టపోయేవాళ్ళు. వాదించాలి, చేతులెత్తాలి. ఏది తేలితే అది కాగితం మీద రాసి, అందరూ సంతకాలు పెట్టి, ఎవరికి చేరాలో వాళ్ళకు పంపాలి. "నిర్ణయం తీసుకుని ఊరుకుంటే అది కబురు, పాటిస్తేనే నిర్ణయం" అని ఆయన మాట.

మొదటి గంటలోనే మేం గెలిచాం. ప్రయోగశాలలో కప్పలను కోయడం అవసరమా అన్నది సమస్య. అవసరం లేదని తేల్చాం, ఉత్తరం రాశాం, హెడ్మాస్టరు ఒప్పుకున్నారు. బతికిపోయిన కప్పల సంగతేమో కానీ మా మెడలు మాత్రం నిటారుగా లేచాయి. తర్వాత స్కూలు మిద్దెమీద ఫోను టవరు పెట్టొచ్చా అన్నది. అదీ గెలిచాం. పాలు మరిగిన పిల్లుల్లా తయారయ్యాం. వారమంతా ఎక్కడ సమస్య దొరుకుతుందా అని వెతికేవాళ్ళం. అందరిలోకీ నేను ఎక్కువ వెతికేదాన్ని. వాదించేది ఎక్కువగా నేనే, ఉత్తరాలు రాసేది నేనే, మొదటి సంతకం నాదే.

వంశపారంపర్యం పాఠం వచ్చినప్పుడు మాస్టారు చుక్కల బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చారు. పేజీనిండా రంగురంగుల చుక్కలు, వాటి మధ్యలో ఇంకో రంగు చుక్కలతో ఒక అంకె. కొందరికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదని, వాళ్ళకు ఆ అంకె వేరేగా కనబడుతుందనీ అసలు కనబడకపోవచ్చనీ చెప్పారు. ఒక్కో జట్టు ఐదుగురు పెద్దవాళ్ళకు చూపించి రాసుకురావాలి. శుక్రవారం సాయంత్రం నేను తోటమాలికి, గుమాస్తాకు చూపించి, పుస్తకం పట్టుకుని బస్సెక్కాను. ఇంకా ఎవరూ రాలేదు.

"బాబాయ్, ఇది చూసి అంకె చెప్పు."

"నేను అద్దాలు తేలేదమ్మా."

"నీకు అద్దాలెక్కడివి బాబాయ్?"

ఆయన ఎప్పుడూ నా మాట కాదనలేదు. పుస్తకం చేతిలోకి తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు. నాకు అక్కడ డెబ్భై నాలుగు స్పష్టంగా కనబడుతోంది.

"ఇరవై ఒకటి" అన్నాడు, సంబరంగా.

వేళాకోళమనుకున్నాను. పేజీ తిప్పాను. "ఇందులో ఏముంది, ఉత్త చుక్కలేగా" అన్నాడు. ఇంకో పేజీ. అక్కడా చుక్కలే. నాలుగో పేజీకి నా మొహం చూశాడు. నేను నవ్వడం లేదు. ఆయన పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు.

"తప్పానా మైకూ?"

"లేదు బాబాయ్, పాసే" అన్నాను.

నా జీవితంలో నేను అంత మెల్లగా మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కాసేపు బయటికి చూశాడు. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు.

"సోమవారం నీకో మాట చెబుతా. అందాకా ఇది నీలోనే ఉంచుకుంటావా? రెండ్రోజులేగా" అన్నాడు.

తలూపాను.

ఆ రాత్రి నేను నిద్రపోయానో లేదో గుర్తులేదు కానీ, నా మనసులో ఏమేం తిరిగాయో అన్నీ గుర్తున్నాయి. భయం ఉంది. అబద్ధమెందుకు? బస్సునిండా పిల్లలు, వంతెన కింద లోతైన కాలువ, అటునుంచి రయ్యిమని వచ్చే లారీలు. రంగు తెలియని మనిషి. ఇన్నాళ్ళూ ఆయన కళ్ళు నేనేనని అప్పుడు అర్థమైంది. ఆ భయం న్యాయమైనదే, ఇప్పటికీ అంటాను. కానీ భయం పక్కనే ఇంకొకటి ఉంది. ఇంతవరకు తరగతిలో ఎవరూ తేలేని సమస్య నాకు దొరికింది. కప్పలూ టవర్లూ దీని ముందు ఎంత? శనివారం నేను లేచి నిలబడి ఈ మాట చెప్పగానే తరగతి మొత్తం ఎలా చూస్తుందో కళ్ళకు కట్టింది. సోమవారం దాకా ఆగితే శనివారం దాటిపోతుంది. నా ఆత్రమంతా అదే.

శనివారం చెప్పాను. తరగతి మొత్తం నేననుకున్నట్టే చూసింది.

మాస్టారు మొదట కాస్త తడబడ్డారు. "ఇది మనకు తెలిసిన మనిషి సంగతి, జాగ్రత్తగా ఆలోచించాలి" అన్నారు. జాగ్రత్తగానే ఆలోచించాం. ఆ గంటలో మేం ఎన్ని మాటలు మాట్లాడామో! భద్రత, బతుకుతెరువు, నిజం చెప్పడం, నమ్మకం. ఒకడు ఆయన ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదం కూడా చెయ్యలేదన్నాడు. ఇంకొకతి, "చేసేదాకా ఆగుదామా?" అంది. నేను బోర్డు దగ్గర నిలబడి గళ్ళు నింపాను. లాభపడేవాళ్ళు: బస్సులో పిల్లలు నలభై ఇద్దరు, రోడ్డు మీద జనం. నష్టపోయేవాళ్ళు: డ్రైవరు. ఆ పదం పక్కన ఒకటి అంకె వేశాను. ఎనిమిదేళ్ళు బాబాయ్ అని పిలిచి, బోర్డు మీద డ్రైవరు అని రాశాను. నలభై రెండు పెద్దదా ఒకటి పెద్దదా? లెక్క ఇంత తేలికగా తేలిన శనివారం ఇంకొకటి లేదు.

చివరి బెంచీలో ఒక పిల్ల ఉండేది. నోట్లో నాలుక లేని పిల్ల. ఏదడిగినా పెదాల లోపలే చెప్పుకునేది, అందుకే గొణుగు అని పేరు పెట్టాం. ఆ పిల్ల ఆ రోజు చెయ్యెత్తింది. ఏదో అంది. మాస్టారికి వినబడలేదు.

"గట్టిగా చెప్పమ్మా."

మళ్ళీ గొణిగింది. నేను దగ్గర్లోనే ఉన్నాను, నాకు వినబడింది. మైకును కదా, మోసుకెళ్ళి అందరికీ వినిపించాను.

"ముందు బాబాయ్‌నే అడుగుదామా అంటోంది సార్." అక్కడితో ఆగినా బాగుండేది. "అంటే దొంగచేతికే తాళాలిద్దామంటోంది" అన్నాను.

తరగతి గొల్లుమంది. మాస్టారు కూడా పెదవి బిగించి నవ్వాపుకున్నారు. గొణుగు కూర్చుంది. సోమవారం ఆయన నాతో ఒక మాట చెబుతానన్నాడని, ఆగమన్నాడని నేను ఎవరికీ చెప్పలేదు. ఆ ముక్క చెప్పి ఉంటే మాస్టారు తప్పకుండా ఆగేవారు. ఆగుతారనే మింగేశాను. ఇదీ నేను చేసింది. మిగతాదంతా తరగతి చేసింది, మాస్టారు చేశారు, కంపెనీ చేసింది, తిలాపాపం తలా పిడికెడు. ఈ పిడికెడు మాత్రం అచ్చంగా నాది.

ముప్పై ఒక్కమందిలో ముప్పైమంది చేతులెత్తారు. ఉత్తరం నేనే రాశాను, చక్కటి దస్తూరితో. "మా ప్రయాణ భద్రత దృష్ట్యా" అని మొదలుపెట్టాను. ఆ మాటల పొందిక చూసుకుని మురిసిపోయాను కూడా. ముప్పై సంతకాలు పడ్డాయి. గొణుగు పెట్టలేదు. ఎందుకు పెట్టవని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పినా వినబడేది కాదు.

సోమవారం పొద్దున బస్సొచ్చింది. మిగతా తరగతులవాళ్ళకు ఆ వారమంతా మధ్యాహ్నం బడి, బస్సులో మా తరగతివాళ్ళమే పదిహేనుమందిమి. మెట్లెక్కి, ముందు సీటు దాటి, వెనక్కి వెళ్ళి కూర్చుని పుస్తకం తెరిచాను.

"మైకూ, ఇటు రావా? చెబుతానన్నా కదా" అన్నాడు బాబాయ్ అద్దంలో చూస్తూ.

"పరీక్ష ఉంది బాబాయ్, చదువుకోవాలి."

పరీక్ష లేదు. బస్సులో అందరికీ తెలుసు.

వంతెన వచ్చింది. బస్సు ఆగింది.

"ఏం రంగు?" అన్నాడు.

ఎవరూ పలకలేదు. నేను పుస్తకంలో ఒకే వాక్యాన్ని మళ్ళీ మళ్ళీ చూస్తున్నాను. ఆయన అద్దంలో ఒక్కొక్కరి మొహమూ వెతకడం నాకు తల ఎత్తకుండానే తెలుస్తోంది.

"ఏం రంగర్రా?"

ఎప్పుడూ గోలగోలగా ఉండే బస్సు. వెనక బళ్ళవాళ్ళు హారన్లు మోగిస్తున్నారు. ఎవడో కిటికీలోంచి తల పెట్టి తిట్టాడు కూడా. అప్పుడు గొణుగు తన సీటులోంచి లేచి, ముందుకు నడిచి, ఆయన భుజం పక్కన నిలబడింది. ఏమందో మాకు వినబడలేదు. బస్సు కదిలింది. "పోనీ" అని ఎవరూ అరవలేదు. అప్పుడే ఆయనకు అంతా అర్థమైపోయి ఉంటుంది. మిగతా దారంతా ఒక్కసారి కూడా అద్దంలో మా వైపు చూడలేదు.

మా స్కూలు ఉత్తరాలన్నీ బస్సుల కంపెనీకి ఆయన చేతనే వెళ్ళేవి. సాయంత్రం షెడ్డుకు పోతూ గుడ్డసంచీలో తీసుకెళ్ళి మేనేజరు బల్లమీద పెట్టేవాడు. అది ఏళ్ళ తరబడి నడుస్తున్న పద్ధతి, ఆ రోజు దాన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. హెడ్మాస్టరు ముద్ర వేయించి, కవరు అంటించి, మాస్టారు నా చేతికిచ్చారు. నేను తీసుకెళ్ళి ఆయనకిచ్చాను. జిగురు ఇంకా తడిగానే ఉంది, ఒక మూల లేచింది. ఆయన అది చూశాడు.

"ఊడిపోతుందమ్మా ఇది, లోపలి కాగితం జారిపోగలదు" అంటూ కవరును తొడమీద పెట్టుకుని, అరచేత్తో అదిమి, అంటుకునేదాకా పట్టుకున్నాడు. అంటుకుందో లేదో గోటితో లేపి చూసి మరీ సంచీలో వేసుకున్నాడు. నా మొహం చూడలేదు. మైకూ అని పిలవలేదు.

మర్నాడు ఇంకో డ్రైవరొచ్చాడు. పొడుగాటి మనిషి, కళ్ళు బాగా కనబడేవాడు, వంతెన దగ్గర ఎవరినీ ఏమీ అడగలేదు. ముందు సీట్లో తన సామాను పెట్టుకున్నాడు. మా శనివారాలు ఇంకో రెండు నెలలు సాగాయి. నేను చెయ్యెత్తడం తగ్గించాను. అంతకుమించి ఏమీ చెయ్యలేదు, ఆయన ఇల్లెక్కడో కనుక్కోలేదు. తర్వాత కాలేజీ, చదువు, ఉద్యోగం. ఏరు దాటి తెప్ప తగలేసిన వాళ్ళందరూ చేసే పనే నేనూ చేశాను, వెనక్కి చూడలేదు.

ఇప్పుడు నేను సైన్సు టీచర్ని. నాకూ శనివారం గంట ఉంది, మా మాస్టారు నేర్పిన గళ్ళే. పోయిన నెల మా పిల్లలు ఒక సమస్య తెచ్చారు. క్యాంటీనులో పాత్రలు తోమే ఆవిడ విడవకుండా దగ్గుతోంది, ఆమెను పనిలో ఉండనివ్వాలా వద్దా అని. ఒక చలాకీ పిల్ల బోర్డు దగ్గర నిలబడి గళ్ళు నింపింది. నష్టపోయేవాళ్ళు అన్నచోట ఒకటి అంకె వేసింది. "ఆవిడను అడిగారా?" అన్నాను. "అడిగితే నిజం చెబుతుందా మేడం?" అని ఆ పిల్ల నవ్వింది. తరగతీ నవ్వింది. నేను గంట కొట్టకముందే బయటికొచ్చి వరండాలో నిలబడ్డాను. ఆ సోమవారమే పిల్లల్ని వెంటబెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్ళాను. ఆ తర్వాతి ఆదివారం బాబాయ్‌ను వెతుక్కుంటూ బయల్దేరాను.

ఆయన కూతురు బట్టలు కుట్టే దుకాణం పెట్టుకుంది. చిన్న గది, రెండు మిషన్లు, గోడకు మేకులనిండా దారపు రీళ్ళు. ఒక్కో రీలు తలమీద కాగితం ముక్క అంటించి పెన్నుతో అంకె వేసి ఉంది. మూలగా స్టూలు మీద బాబాయ్ కూర్చుని చొక్కాకు గుండీలు కుడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. ఇంకా పొట్టిగా అయిపోయాడు. కూతురు "పదకొండు, నాన్నా" అంటే లేచి పదకొండో నంబరు రీలు తీసిచ్చాడు.

నేనెవరో చెప్పాను. కూతురు మిషను ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మైకంటే ఈవిడేనా నాన్నా?"

"ఆఁ, ఆవిడే. కూర్చోండమ్మా" అన్నాడు ఆయన.

కూర్చోండమ్మా. నన్ను మీరు అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

కాసేపు మోకాళ్ళ నొప్పుల గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. చివరికి అడిగాను.

"ఆ సోమవారం నాతో ఏం చెబుదామనుకున్నారు బాబాయ్?"

ఆయన సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టాడు.

"ఏముందమ్మా. షెడ్డులో మెకానిక్కు నెలాఖరుకు దిగిపోతున్నాడు. ఆ పని నాకిమ్మని మేనేజర్ని అడిగా, సరే అన్నాడు. మూడు వారాలే ఉంది. అప్పటికే నాకు భయం పట్టుకుంది, కళ్ళకు వయసొస్తోంది, ఇంకెన్నాళ్ళు పిల్లల నోటిమీద నడుపుతానని. ఆ మూడు వారాలు మిమ్మల్ని రోజూ ముందు సీట్లో కూర్చుని గట్టిగా చెప్పమని అడుగుదామనుకున్నా. లేదూ నీకు భయమైతే చెప్పు, రేపే సెలవు పెట్టేస్తానని చెబుదామనుకున్నా. అంతే."

"మరి ఉత్తరం వెళ్ళాక షెడ్డులో పని..."

"ఎలా ఇస్తాడమ్మా? ముప్పైమంది పిల్లల సంతకాలు, స్కూలు ముద్ర. ఇన్నేళ్ళు దాచినవాణ్ణి లోపల పెట్టుకుంటే రేపు నా మెడకు చుట్టుకుంటుందన్నాడు. ఆయన తప్పేం లేదు."

కూతురు మిషను తొక్కడం మొదలుపెట్టింది. "తర్వాత ఏడేళ్ళు గోడౌన్‌లో మూటలు మోశాడు. ఆ చెవులు పెట్టుకుని మూటలు" అంది, మా వైపు చూడకుండా.

"ఊరుకోమ్మా" అన్నాడు ఆయన. తర్వాత నాతో, "తప్పు నాది కూడా ఉంది. చెప్పకుండా చిన్నపిల్లల మీద అంత బరువు పెట్టాను. వేరే వాళ్ళ బిడ్డలు. నా బిడ్డ ఆ బస్సులో ఉంటే నేనూ సంతకం పెట్టేవాణ్ణేమో. కాకపోతే నా చేతికిచ్చి పంపించకుండా ఉండాల్సింది" అన్నాడు.

చెప్పాల్సిందంతా చెప్పాను. రెండ్రోజులు ఆగమన్న మాట దాచిన సంగతి, దొంగచేతికి తాళాలన్న మాట, అన్నీ. ఏడ్చాను కూడా, ఆ ఏడుపు ఎవరికి పనికొస్తుందో తెలియకుండానే. ఆయన విన్నాడు. "అప్పటికి మీరు చిన్నపిల్ల కదమ్మా, ఏం తెలుస్తుంది" అన్నాడు. అది క్షమించడమని అందరూ అంటారు. కానీ నాకు తెలుసు, అప్పుడూ తెలుసు. ఆ మాట కూడా చెప్పాను. ఆయన సూది తీసుకుని దారం ఎక్కించుకున్నాడు.

వెళ్ళొస్తానని లేచాను. వద్దన్నా వినకుండా బస్టాపు దాకా వస్తానన్నాడు. నాలుగు రోడ్ల కూడలి, సాయంత్రపు ఎండ. అటువైపు దాటాలి. ఎదురుగా దీపాల మీద ఎండ పడి అద్దాలన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. ఆయన అంచున ఆగి నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను, ఎనిమిదేళ్ళు కూర్చున్నంత దగ్గరలో.

"పచ్చ, బాబాయ్" అన్నాను.

నా గొంతు ఇప్పటికీ పెద్దదే. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. ఆయనకూ వినబడింది. కానీ కదల్లేదు. పక్కన సంచీ పట్టుకుని నిలబడ్డ ఎవరో ముసలావిడ రోడ్డు మీదకు దిగేదాకా, ఆమె వెనక ఇంకో ఇద్దరు నడిచేదాకా చూసి, అప్పుడు కాలు ముందుకు వేశాడు.